రాజీనామా సరే, ఆ తర్వాత ఎవరు?

సంపాదకులు గారికి,

రాయగడ రైల్వే డివిజన్ మీద మీ పేపర్లో కొన్నాళ్లుగా వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. సగం ఉత్తరాల్లో ఒకటే మాట. ప్రమాదం జరిగితే మంత్రి రాజీనామా చెయ్యాలి, లాల్ బహదూర్ శాస్త్రి గారిని చూసి సిగ్గు తెచ్చుకోవాలి, అంతే. శాస్త్రి గారి మీద గౌరవం నాకూ ఉంది. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇస్తే ఒప్పుకున్నారు. ఇదంతా మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మరి శాస్త్రి గారు లేచి వెళ్లాక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? జగ్జీవన్ రామ్. 1962 దాకా, అంటే అయిదేళ్లకు పైగా ఆయనే రైల్వే మంత్రి. ఆ అయిదేళ్లలో వంతెనల సంగతి ఏమైంది, పట్టాల సంగతి ఏమైంది అని ఇన్ని ఉత్తరాల్లో ఒక్కరూ అడగలేదు. రాజీనామా చేసినాయన మాత్రం గుర్తుంటాడు, పని నెత్తినేసుకున్నాయన ఎవరికీ అక్కర్లేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, మా మేనకోడలు తైవాన్‌లో చదువుతోంది, తైపేలో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడి బళ్ల గురించి ఏదో ఒకటి చెబుతుంది, నేను ఇక్కడి పాసింజరు గురించి చెబుతాను, ఇద్దరం నవ్వుకుంటాం. అలా ఒకసారి వాంగ్ క్వొ-త్సాయ్ అనే ఆయన పేరు వచ్చింది. మూడేళ్లు అక్కడ రవాణా మంత్రిగా చేసిన మనిషి. ఈ ఉత్తరం ఆయన గురించే, ఆయన సంగతి మన రాయగడకు ఎందుకు పట్టాలో అన్నది కూడా ఇందులోనే ఉంది.

ముందు అక్కడ ఏం జరిగిందో చెప్పాలి. 2018 అక్టోబరు 21న యిలాన్ ప్రాంతంలో పుయుమా ఎక్స్‌ప్రెస్ ఒక మలుపులో పట్టాలు తప్పింది. 18 మంది చనిపోయారు. ఆ మలుపులో గంటకు 75 కిలోమీటర్లకు మించి పోకూడదు, బండి 140కి పైన ఉంది. వేగం మించితే దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు ఆ బండిలో ఉంది, కానీ దాన్ని ఆపేసి ఉంచారు. ఇంకేముంది, డ్రైవరుదే తప్పు అని మొదటి రోజే అనేశారు. తర్వాత తవ్వితే కథ పెద్దదని తేలింది. బండిలో గాలి కంప్రెసర్లు సరిగా పనిచెయ్యక డ్రైవరు దారంతా అవస్థ పడుతున్నాడు. ఆ బ్రేకు ఏర్పాటు ఆపేస్తే కంట్రోల్ రూముకు తెలియాలి, ఆ తీగే సరిగా కలపలేదు, అది తమ డిజైన్‌లో జరిగిన పొరపాటని బండి తయారుచేసిన జపాన్ కంపెనీ ఒప్పుకుంది. డ్రైవరు తప్పు లేదని నేను అనట్లేదు. ఆయన ఒక్కడి తప్పే కాదని అంటున్నాను.

అప్పటి రవాణా మంత్రి వూ హుంగ్-మో పదవిలోకి వచ్చి నిండా నాలుగు నెలలు కాలేదు. ఆయన దిగిపోయారు. 2019 జనవరిలో లిన్ చియా-లుంగ్ వచ్చారు. ఆయన యేల్‌లో డాక్టరేట్ చేసిన రాజకీయశాస్త్ర పండితుడు, తైచుంగ్ నగరానికి మేయరుగా చేసి, మళ్లీ నిలబడి ఓడిపోయి, అట్నుంచి అటే మంత్రి అయిన మనిషి. (ఎన్నికల్లో ఓడినవాళ్లకి పదవి ఇవ్వడం మన దగ్గరే ఉందనుకోకండి.) ఆయన రెండేళ్లూ ఊపిరి పీల్చుకునే సందు లేదు. 2019 అక్టోబరు 1న నాన్‌ఫాంగావోలో వంతెన కూలి కింద ఉన్న పడవల మీద పడింది, ఆరుగురు చనిపోయారు, పొట్ట చేత పట్టుకుని వేరే దేశాల నుంచి వచ్చిన వలస జాలర్లు వాళ్లు. తర్వాత కరోనా. అది కాస్త సర్దుకుంటుండగా 2021 ఏప్రిల్ 2.

ఆ రోజు అక్కడ పెద్దల సమాధుల్ని దర్శించుకునే పండగ సెలవులు మొదలు, మనకి సంక్రాంతికి ఊళ్లకి పోయినట్టు జనం అంతా బళ్లెక్కారు. హువాలియెన్ దగ్గర తరోకో ఎక్స్‌ప్రెస్ సొరంగంలోకి పోబోతూ, కొండవాలు మీద నుంచి జారి పట్టాల మీద పడి ఉన్న లారీని గుద్దింది. 49 మంది పోయారు, డ్రైవరు కూడా. ఆ లారీ ఎక్కడిది? రైల్వే వాళ్ల పనే చేస్తున్న కాంట్రాక్టరు మనుషులది. సెలవుల్లో అక్కడ పని చెయ్యకూడదని ముందే ఆదేశం ఉంది. అయినా చేశారు. పట్టాల వైపు గట్టి కంచె లేదు. లారీ జారి పడిన నిమిషంలో ఎవరైనా వచ్చే బండిని ఆపే దారీ లేదు.

ఇక్కడే నాకు కడుపు మండేది. పుయుమా ప్రమాదం తర్వాత ఊరికే కూర్చోలేదు వాళ్లు. రైల్వే మొత్తాన్ని పరీక్ష చేసి 144 అంశాలతో ఏమేం మార్చాలో రాసుకున్నారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. రెండున్నరేళ్లలో ఇంకా పెద్ద ప్రమాదం. లిన్ చియా-లుంగ్ రెండో రోజుకే బాధ్యత నాది, దిగిపోతానన్నారు. సహాయక పనులు అయ్యేదాకా ఉండమని ప్రధాని అన్నారు. ఏప్రిల్ 20న దిగిపోయారు. మర్యాదగానే దిగారు. ఆయన కథ అక్కడితో ఆగలేదు, తర్వాత న్యూ తైపే మేయరుగా పోటీ చేసి ఓడారు, అధ్యక్ష కార్యాలయంలో పదవి చేశారు, 2024 మే నుంచి విదేశాంగ మంత్రి. అంటే రాజీనామా ఆయన్ని ముంచలేదు. ముంచాలని నేను కోరుకోవట్లేదు, కాకపోతే రాజీనామా అనగానే ఏదో ప్రాణత్యాగం జరిగినట్టు మనం మాట్లాడతామే, అంత అక్కర్లేదు అంటున్నాను.

ఆయన లేచిన కుర్చీలో కూర్చున్నాయనే వాంగ్ క్వొ-త్సాయ్. రాజకీయాల మనిషి కాదు, రవాణా ఇంజినీరు, అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో డాక్టరేట్. కావోషియుంగ్ నగరంలో రవాణా శాఖ చూశారు, 2016 నుంచి కేంద్రంలో ఉపమంత్రి. ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. పుయుమా అప్పుడూ తరోకో అప్పుడూ ఉపమంత్రిగా ఉన్నది ఈయనే కదా, పై ఆయన్ని పంపి పక్కనున్నాయన్ని కూర్చోబెడితే ఏం మారినట్టు? నేనూ చాలా సేపు ఇదే ఆలోచించాను. నాకు తోచింది ఏమిటంటే, ఆ 144 అంశాల్లో ఏది నిజంగా అయింది, ఏది కాగితం మీద మాత్రమే అయిందో ఆయనకి తెలిసినంతగా బయటి నుంచి వచ్చినవాడికి తెలియదు. తెలిసీ చెయ్యకపోతే ఇంక తప్పించుకోవడానికి సాకు కూడా ఉండదు. కొత్తగా వచ్చాను, ఫైళ్లు చదువుతున్నాను అని ఒక ఏడాది గడిపే వీలు లేదు.

ఆయన మూడేళ్ల ఒక నెల ఉన్నారు, 2024 మే 20 దాకా. ఆ కాలంలో జరిగిన పెద్ద పని రైల్వేని ప్రభుత్వ శాఖ నుంచి ప్రభుత్వ కంపెనీగా మార్చడం. పేరు మారిస్తే బండి పట్టాలు తప్పదా అని మీరు అడగొచ్చు, అక్కడి రైల్వే ఉద్యోగులు అదే అడిగారు. 2022 మే 1న డ్రైవర్లంతా కార్మిక దినం సెలవు మాకూ హక్కే అని కూడబలుక్కుని సెలవు పెట్టారు, ఆ రైల్వే బళ్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అదే నెలలో చట్టం పాసైంది, కానీ కంపెనీ మొదలైంది 2024 జనవరి 1న. మధ్యలో ఏడాదిన్నరకి పైగా సాగింది. ఇందులో సగం అప్పుల గొడవ, సగం ఉద్యోగుల భయం. కంపెనీ చేస్తే భద్రత పెరుగుతుందని నేనైతే నమ్మను, మన దగ్గర కార్పొరేషన్లు చూశాం కదా. కానీ ఒక మంత్రి మొదలుపెట్టిన పని ఆయన ఉండగానే ముగియడం మాత్రం నాకు నచ్చింది.

మా మేనకోడలికి ఆయన గుర్తున్నది వేరే దానికి. 2023 జులై నుంచి 1,200 తైవాన్ డాలర్లకి నెల పాస్ పెట్టారు. తైపే, న్యూ తైపే, కీలుంగ్, తావొయువాన్, ఈ నాలుగు ఊళ్ల మధ్య మెట్రో, బస్సు, లోకల్ రైలు అన్నీ ఒకే కార్డు మీద. మనకి విజయనగరం దాటితే ఒక టికెట్టు, విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఇంకో టికెట్టు, రాయగడలో దిగాక ఆటోవాడి దయ. పిల్ల ఆ పాస్ గురించి చెబుతుంటే వినడానికే కాస్త కుళ్లుగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.

అన్నీ బాగా చేశారని కాదు. అక్కడ రోడ్డు ప్రమాదాల్లో ఏటా మూడు వేల మంది దాకా పోతారు, అంత చిన్న దేశంలో. నడిచేవాళ్లకి నరకం అని బయటి దేశాల మీడియా రాసింది. 2023లో జీబ్రా క్రాసింగ్ దగ్గర నడిచేవాళ్లకి దారి ఇవ్వని బండికి జరిమానా 6,000 తైవాన్ డాలర్ల దాకా పెంచారు, అయినా ఆగస్టులో జనం తైపే వీధుల్లోకి వచ్చి ఊరేగింపు తీశారు. మంత్రి మీద తిట్లు బాగానే పడ్డాయి. రైలు మనిషి రోడ్డు మీద అంత గట్టిగా లేడనిపిస్తుంది నాకు. ఆ మంత్రిత్వ శాఖ చేతిలో రైలు, రోడ్డు, ఓడరేవులు, విమానాలు, పోస్టాఫీసు, టూరిజం, చివరికి వాతావరణ శాఖ కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. 2024 ఏప్రిల్ 3న హువాలియెన్‌లో పెద్ద భూకంపం వస్తే మరుసటి రోజే అక్కడికి రైలు నడిపించారు. దిగిపోయాక అదే ఏడాది పోస్టల్ కంపెనీకి ఛైర్మన్‌గా వేశారు. ఆయన తర్వాత వచ్చిన మంత్రి సొంత వ్యవహారం ఒకటి బయటపడి కొద్ది నెలల్లోనే పదవి వదిలేశాడు, అది ఇక్కడ అనవసరం.

ఇంకొక్కటి చెప్పి మన ఊరికి వస్తాను. 2019 ఆగస్టులో తైవాన్ వాళ్లు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థనే పెద్దది చేసి రైలు, ఓడ, రోడ్డు ప్రమాదాలు కూడా దానికే ఇచ్చారు. రవాణా మంత్రి చేతిలో ఉండదు అది. తరోకో ప్రమాదం మీద దాని నివేదిక 2022లో వచ్చింది, ఎవరైనా చదువుకోవచ్చు. వాంగ్ క్వొ-త్సాయ్ బాగా చేశాడా లేదా అని అక్కడి జనం ఒక కొలబద్ద పెట్టి చూడగలిగారంటే దానికి కారణం ఆ నివేదిక. మన దగ్గర కూడా రైల్వే సేఫ్టీ కమిషనర్ పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, రైల్వే శాఖ కింద కాదు, ఆలోచన మంచిదే. కానీ ఆ అధికారులు వచ్చేది రైల్వే నుంచే.

సరే, రాయగడ. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పడిపోయింది, దాదాపు 40 మంది పోయారు. కూనేరు అంటే మాకు పరాయి ఊరు కాదు, జిమిడిపేట దాటితే అదే. ముందు కొన్ని రోజులు అంతా విద్రోహం విద్రోహం అన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లో ఖతౌలీ ప్రమాదం జరిగాక సురేశ్ ప్రభు గారు బాధ్యత తీసుకుని దిగిపోతానన్నారు, సెప్టెంబరులో శాఖ మారారు. మళ్లీ 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర బహనాగా, 290 మందికి పైగా. అదే ఏడాది అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం, కంటకాపల్లి-అలమండ మధ్య మన రాయగడ పాసింజరు వెళ్లి ముందున్న పలాస పాసింజరును గుద్దింది. 14 మంది. మన బండి లోకో పైలట్లు కూడా అందులోనే పోయారు. ఆ రాత్రే సిగ్నల్ దాటేశారు, మానవ తప్పిదం అన్నారు. వాళ్లు బతికి లేరు, జవాబు చెప్పుకోలేరు. అక్కడ అప్పటికి కవచ్, అంటే బళ్లు గుద్దుకోకుండా దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు, లేదు, సిగ్నళ్లు ఎలా ఉన్నాయి, ఎవరు ఏ కాగితం ఇచ్చారు అన్న సంగతులు ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ పేపర్లలో చదివినవే, బోగీల్లో కూర్చునే మా చేతికి తెలుగులో గానీ ఒడియాలో గానీ రాలేదు.

రాజీనామాలు అడిగేవాళ్లు వీటన్నిటికీ ఢిల్లీ వైపే చూస్తారు. నేను చూసేది కొంచెం దగ్గరగా. 2025 జనవరి 6న ప్రధాని రాయగడ డివిజన్‌కి శంకుస్థాపన చేశారు. వాల్తేరు డివిజన్ నుంచి విడిపోయి మన లైన్లు ఇటు వస్తాయి. ఇక ఇక్కడ జరిగే మంచికీ చెడుకీ ముందు జవాబు చెప్పాల్సింది మన డివిజనల్ రైల్వే మేనేజరు, అంటే డీఆర్‌ఎం. ఆ పదవి మామూలుగా రెండేళ్లు. రెండేళ్లలో ఆయన కొరాపుట్ ఘాటులో సొరంగాలు, గుణుపురం లైను, సింగపూర్ రోడ్ యార్డు చూసి అర్థం చేసుకునే సరికే బదిలీ కాగితం వస్తుంది. తర్వాత వచ్చినాయన మళ్లీ మజ్జిగౌరమ్మ దర్శనం, సన్మానం, శాలువా, పరిచయ సమావేశం.

వాంగ్ క్వొ-త్సాయ్ గురించి ఇంత రాసింది ఇందుకే. ముందు నుంచీ ఆ పని దగ్గరే ఉన్న ఇంజినీరుని పైకి తెచ్చి మూడేళ్లు కదపకుండా ఉంచారు. మన కొత్త డివిజన్‌కి మొదటి అధికారులుగా ఈ లైను మీద ముందే పనిచేసినవాళ్లని వెయ్యమనీ, మూడేళ్లకి తక్కువ కాకుండా ఉంచమనీ అడగాలి. అధికారి తెలుగువాడా ఒడియావాడా అని టీ కొట్టు దగ్గర ఇప్పుడే పందేలు మొదలయ్యాయి. ఆ గొడవ నాకొద్దు. రెండు భాషలూ ఇక్కడ సంతలో అయిదు నిమిషాలు నిలబడితే వస్తాయి.

ఇక తరోకో దగ్గర జారిన లారీ. విజయనగరం-టిట్లాగఢ్ మూడో లైను పని, కొరాపుట్-సింగపూర్ రోడ్ డబ్లింగ్ పని, రెండూ నడిచే పట్టాల పక్కనే. పాసింజరులో కిటికీ దగ్గర కూర్చుంటే కనిపిస్తుంది. జేసీబీ తొట్టి పట్టాల వైపు తిరిగి ఉంటుంది, టిప్పరు వాలు మీద బ్రేకు వేసి నిలబెట్టి ఉంటుంది, చక్రాల కింద రాయి కూడా ఉండదు ఒక్కోసారి. కొన్నిచోట్ల రిబ్బను కట్టారు. రిబ్బను టిప్పరును ఆపుతుందా? ఒకసారి పార్వతీపురం దాటాక ఒక సైటు దగ్గర మా బండి నెమ్మదించినప్పుడు అక్కడి సూపర్‌వైజరుని కిటికీలోంచే అడిగాను, కంచె ఎప్పుడు వేస్తారయ్యా అని. ఎస్టిమేట్‌లో లేదండి అన్నాడు. కుర్రాడు పాపం, అబద్ధం చెప్పలేదు.

తైవాన్‌లో ఆ ప్రమాదం తర్వాత అలాంటి వాలుల దగ్గర పట్టాల మీద ఏదైనా పడితే హెచ్చరిక వెళ్లే ఏర్పాట్లు పెట్టడం మొదలుపెట్టారు. అది మనకి రేపే రాదు. కానీ కంచె, చక్రం కింద దిమ్మ, పండగ రోజుల్లో పని బంద్, వాలు పని జరుగుతున్నప్పుడు స్టేషన్ మాస్టరుతో నేరుగా మాట్లాడగలిగే ఫోన్ పట్టుకుని ఒక మనిషి. వీటికి పెద్ద చదువులు, పెద్ద డబ్బులు ఏమీ అక్కర్లేదు. దసరాకి, సంక్రాంతికి ఈ లైను మీద జనం ఎలా ఉంటారో తెలిసిన అధికారి అయితే చాలు.

చివరిగా మీకో విన్నపం. కంటకాపల్లి దర్యాప్తు నివేదిక పూర్తి కాపీ సమాచార హక్కు కింద తెప్పించి, అందులో ఈ లైనుకి సంబంధించిన సిఫార్సులు తెలుగులో వెయ్యండి, ఒక్కోదాని పక్కన అయిందా లేదా అని డివిజన్ వాళ్లని అడిగి రాయండి. ఆదివారం సంచికలో ఒక పేజీ పోతుంది, అంతే కదా. జెరాక్సు ఖర్చులు, పోస్టేజీ మేమిక్కడ కొంతమందిమి వేసుకుంటాం, మీ రాయగడ విలేఖరి గారిని ఒకసారి స్టేషన్ ఎదుట హోటలుకి రమ్మనండి, డబ్బు అక్కడే ఇచ్చేస్తాం, టీ కూడా మాదే.

ఇట్లు,
ఒక పాసింజరు ప్రయాణికుడు,
రాయగడ, ఒడిశా